మన కింద ఉన్నవాళ్ళు

విశాఖపట్నం,
4 ఫిబ్రవరి 1996

చి. గణేష్‌బాబుకి మీ అక్క సత్యకుమారి దీవెనలు.

ఉత్తరం రాసి ఎన్నాళ్ళయిందో నువ్వు దెప్పకముందే నేనే ఒప్పేసుకుంటున్నాను. ఫోన్ ఉందిగా అంటావు. మీ ఇంట్లో ఫోన్ సావిట్లో పెట్టావు. నేనొక ముక్క మాట్లాడితే మేత డీలరు దగ్గర్నుంచి పాలావిడ దాకా అందరూ వింటారు. ఈ సంగతి విన్నారంటే నవ్వుతారు కూడా.

నేను కొండలెక్కుతున్నానురా. మొక్కుండి కాదు, ఊరికే సరదాకి. మా ఇన్సూరెన్స్ ఆఫీసులో రమేష్ బాబని అకౌంట్స్ కుర్రాడున్నాడు. ఆదివారం వచ్చిందంటే పదిమందిని పోగేసి అనంతగిరి వైపు తీసుకెళ్తాడు. దాన్ని ట్రెక్కింగ్ అంటారు. మొగల్తూరులో పుట్టినవాళ్ళకి ఎత్తంటే ఏటిగట్టే కదా, మొదటిసారి సగం కొండకే కూలబడ్డాను. మీరు వెళ్ళండి, నేనిక్కడే కూర్చుంటానన్నాను. రమేష్ బాబు ఒప్పుకోలేదు. నన్ను తీసుకెళ్ళి వరసలో అందరికంటే ముందు నిలబెట్టాడు. నెమ్మదిగా నడిచేవాళ్ళే ముందుండాలట, మిగతావాళ్ళు వాళ్ళ నడకని బట్టి నడవాలట. అలాగైతేనే అందరూ పైకి చేరతారట. చేరాం.

ఈ మాట నా బుర్రలోంచి పోవడం లేదు. కొత్తగా నన్ను సెక్షన్‌కి పెద్దని చేశారు కదా. మా సెక్షన్‌లో రిటైర్మెంటు దగ్గరపడ్డ ఒకాయన ఉన్నారు. ఆయన బల్ల మీద ఫైళ్ళు పేరుకుపోతాయి, అందరూ ఆయన్ని విసుక్కుంటారు. పోయిన నెల పని పంచేటప్పుడు ముందు ఆయన ఎంత చెయ్యగలరో అడిగి, దాన్ని బట్టి మిగతావాళ్ళకి పంచాను. నెలాఖరుకి ఫైళ్ళన్నీ కదిలాయి, ఎవరూ ఎవరినీ తిట్టుకోలేదు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఏ ఆఫీసరూ నేర్పనిది ఒక్క కొండ నేర్పింది.

మే నెలలో హిమాలయాలకి పేరిచ్చాను. తిన్నది అరక్కపోతే వాము తినాలిగానీ కొండలెక్కడమేంటి అంటున్నారు మీ బావగారు.

మన చెల్లి రత్నమాణిక్యం ఎలా ఉంది? అమ్మ పోయాక దాని గురించి నాకు బెంగ ఎక్కువైంది. పెళ్ళయి పక్క ఊరే వెళ్ళింది, పైగా నీ రొయ్యల చెరువూ దాని మొగుడి చెరువూ ఒకే డ్రెయిన్ మీద ఉన్నాయి. నీ కళ్ళముందే ఉందని అదొక ధైర్యం.

ఇక ఉంటాను,
అక్క


మొగల్తూరు,
25 ఫిబ్రవరి 1996

అక్కకి గణేష్‌బాబు నమస్కారాలు.

నేను అనాల్సింది బావగారు ముందే అనేశారు కాబట్టి వేరేది చెబుతాను. దూరపు కొండలు నునుపు. దూరం నుంచి చూసి ఊరుకోక దగ్గరకెళ్ళి మోకాళ్ళు పగలగొట్టుకోవడమెందుకు? ఆదివారమంటే కోడికూర తిని పడుకోవడానికి. డబ్బులిచ్చి మరీ ఆయాసం కొనుక్కుంటున్నావని మా ఆవిడ వెంకటదుర్గకి చెబితే, మీ అక్కకి అక్కడ పనిమనిషి ఉందేమో అంది.

నెమ్మదిగా నడిచేవాణ్ణి ముందు పెట్టడం మీ ఆఫీసులో కుదురుతుందేమో, మా పనిలో కుదరదు. టైగర్ రొయ్యని పెంచడం చంటిపిల్లని పెంచడంకంటే కష్టం. మేత తిందా, గాలి అందుతోందా, నీళ్ళ రంగు మారిందా అని పొద్దస్తమానం చూస్తుండాలి. భీమవరం వైపు తెల్లమచ్చ జబ్బు ఉందంటున్నారు. చెరువులకి చెరువులే ఖాళీ అయిపోతున్నాయట. మావైపు ఇంకా రాలేదు.

రత్నం వాళ్ళాయన తాతాజీ బావ చెరువు నాకు దిగువనే. నా తూములోంచి వదిలిన నీళ్ళు ముందుగా ఆయన మోటారు దగ్గరకే పోతాయి. సముద్రం పోటు మీదున్నప్పుడు ఆయన డ్రెయిన్‌లోంచి తోడుకుంటాడు. వాళ్ళమ్మ సూరమ్మగారి నియమాలు నీకు తెలుసుగా. గట్టు మీదకి చెప్పులతో రాకూడదు, ఆడవాళ్ళు బయట ఉన్న రోజుల్లో ఆ దరిదాపులకే రాకూడదు, గంగమ్మ తల్లి అలుగుతుంది. బావ డిప్లొమా చదివాడు గానీ వాళ్ళమ్మ మాట జవదాటడు. నేను నవ్వుతాను, నవ్వుతూనే నా గట్టు మీద కూడా చెప్పులు విప్పి తిరుగుతాను. ఏమో, ఎవరికి తెలుసు.

రత్నం బాగానే ఉంది. నీ కొండల సంగతి చెబితే, అక్కని నన్నూ తీసుకెళ్ళమను అంది.

నీ తమ్ముడు,
గణేష్‌బాబు


విశాఖపట్నం,
21 ఏప్రిల్ 1996

చి. గణేష్‌కి,

రత్నం నిన్న ఆఫీసుకి ఫోన్ చేసింది. తాతాజీ గారి చెరువు మొత్తం పోయిందట కదా. విని మనసు పాడైపోయింది. వేసవి ఎండలకి మీ ఇంటికొచ్చి ఉంటోందట, మంచి పని చేసింది. ఇక్కడికి వచ్చి కొన్నాళ్ళుంటానంది గానీ మే నెలంతా నేను హిమాలయాల్లో ఉంటాను కదా, జూన్‌లో రమ్మన్నాను. సరేనంది. గొంతు కొంచెం నీరసంగా ఉంది, చెరువు దిగులు కాబోలు.

పోయిన వారం అనంతగిరిలో చిన్న ప్రమాదం జరిగింది. కొండ దిగుతుంటే మా ఆఫీసాయన కాలి కింద రాయి జారింది. దానంతటదే ఆగిపోతుందిలే అని ఆయన నోరు మెదపలేదు. అది దొర్లుకుంటూ వచ్చి కింద దిగుతున్న అమ్మాయి చీలమండ మీద పడింది. ఎముక విరగలేదు గానీ పాపం కుంటుకుంటూ దిగింది. రమేష్ బాబు ఎప్పుడూ కోప్పడడు, ఆ రోజు మాత్రం అందరి ముందూ అనేశాడు: “రాయి జారడం మీ తప్పు కాదండి. కేక వెయ్యకపోవడం మీ తప్పు.”

ఆ మర్నాడే మా సెక్షన్ నుంచి వెళ్ళిన లెక్కల్లో ఒక పొరపాటు కనిపించింది. మామూలుగా అయితే ఎవరూ గమనించరులే అని ఊరుకునేదాన్ని. వెంటనే ఫోన్ చేసి అవతలి బ్రాంచివాళ్ళకి చెప్పేశాను. తిట్టారు. తిట్టించుకున్నాను. వాళ్ళ పని మాత్రం ఆగలేదు.

నువ్వూ డ్రెయిన్‌కి ఎగువనున్నవాడివి కదా. ఇక మీదట మందో మాకో ఏది వదిలినా కిందున్న తాతాజీ గారికి ఒక కేక వేస్తూ ఉండు. అసలే దెబ్బతిని ఉన్నారు.

అక్క


మొగల్తూరు,
29 ఏప్రిల్ 1996

అక్కకి,

నీకు ఎవరు చెప్పారు? దుర్గ రాసిందా? నాకు కాక ఆ సంగతి తెలిసింది దానికొక్కదానికే. రాయి అనీ కేక అనీ ఈ డొంకతిరుగుడు ఎందుకు, తిట్టదల్చుకుంటే తిన్నగా తిట్టు.

అవును, తూము ఎత్తాను. ఈ నెల మొదట్లో నా చెరువులో తెల్లమచ్చ కనిపించింది. ఊళ్ళో తెలిస్తే కొనేవాడు సగానికి అడుగుతాడు. అందుకని మంచి రేటు ఉంది కాబట్టి ముందే పడుతున్నానని అందరికీ చెప్పి, ఉన్న రొయ్యంతా పట్టించేశాను. ఆ నీళ్ళని బ్లీచింగ్ కొట్టి కొన్నాళ్ళు నిలవుంచాలి. తెలుసు. చచ్చిన రొయ్యల కంపుకి సంగతి బయటపడుతుందని ఆ పూటే వదిలేశాను. బావ ముందు రోజే నీళ్ళు తోడుకున్నాడు, మళ్ళీ ఇప్పట్లో తోడడనుకున్నాను. ఆటుకి అంతా సముద్రంలోకి పోతుందనుకున్నాను. ఆయన తోడాడు. మర్నాడు వెళ్ళి చెబుదామనుకున్నాను. మర్నాడు కుదరలేదు. తర్వాత ఆయన రొయ్యలు తేలడం మొదలయ్యాక ఇంకేం చెబుతాను?

రత్నం ఎండలకి వచ్చిందని రాశావు, అది కూడా ఎత్తిపొడుపేనా? అది రాలేదు, పంపించేశారు. పనివాడు రాని పూట బావకి అన్నం క్యారేజీ పట్టుకుని గట్టు మీదకి వెళ్ళింది. బయట ఉన్న రోజు. చెరువు పోయిందీ ఆ వారంలోనే. సూరమ్మగారు దాని మొహం మీదే, నీ మూలంగానే గంగమ్మకి కోపమొచ్చిందని అన్నారు. బావ అడ్డు చెప్పలేదు. అది కూడా నిజమే కాబోలని నమ్మేసి, పెట్టె సర్దుకుని నా గుమ్మంలోకి వచ్చింది.

ఇప్పుడు తృప్తిగా ఉందా?

గణేష్


విశాఖపట్నం,
9 మే 1996

గణేష్,

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు చేశావు. నాకు ఎవరూ చెప్పలేదు. దుర్గ ఒక్క ముక్క రాయలేదు, దాన్ని ఏమీ అనకు. నేను రాసింది కొండ గురించే. నీ ఉత్తరం చదివాక మళ్ళీ మొదట్నుంచి చదివాను, అప్పుడు గానీ నాకు ఎక్కలేదు.

నువ్వు చేసిన పనికంటే నన్ను ఎక్కువ కాల్చేస్తున్నదొకటుంది. రత్నం ఫోన్ చేసి రానా అక్కా అని అడిగింది. దానికి చోటు లేక అడిగిందని నాకు తట్టలేదు. నా ప్రయాణం కోసం జూన్‌లో రమ్మన్నాను. చెప్పేటందుకే శ్రీరంగనీతులు. నెమ్మదిగా నడిచేవాళ్ళని ముందు పెట్టాలని నీకు ఉత్తరాలు రాసినదాన్ని నేనే.

తాతాజీ గారికి చెప్పు. ఆ తర్వాత రత్నానికి చెప్పు. నేనే ఇప్పుడు ఫోన్ తీసి చెప్పేయచ్చు. ఎందుకు తియ్యడం లేదో నీకు దాచను. నువ్వే చెప్పాలి, అది న్యాయం, అని నాకు నేను చెప్పుకుంటున్నాను. కానీ ఇప్పుడు గొడవ మొదలైతే నా ప్రయాణం ఆగిపోతుందన్న భయం కూడా ఉంది. టికెట్ చేతిలో ఉంది, సెలవు మంజూరైంది, ఇన్నేళ్ళలో నాకోసం నేను అడిగిన సెలవు ఇదొక్కటే. ఇలా రాస్తుంటే నా మీద నాకే అసహ్యంగా ఉంది. అయినా ఎల్లుండి రైలెక్కుతున్నాను.

నేను వచ్చేలోపు చెప్పు.

అక్క


మొగల్తూరు,
27 మే 1996

అక్కకి నమస్కారాలు.

నువ్వు వచ్చేసరికి ఈ ఉత్తరం ఇంట్లో ఉంటుందని రాస్తున్నాను. కిందటిసారి అన్న మాటలు మనసులో పెట్టుకోకు.

బావ దగ్గరకి వెళ్ళాను. చెప్పాలనే వెళ్ళాను. ఎండిన చెరువులో మట్టి గీకిస్తున్నాడు. నన్ను చూడగానే, నువ్వు లేకపోతే రత్నం ఎక్కడికి పోయేది గణేషూ, పరువు నిలబెట్టావు అన్నాడు. ఆ మాట విన్నాక, టీ తాగి వచ్చేశాను.

ఇంట్లో అది ఒక్కపొద్దులుంటోంది. దుర్గని పని చెయ్యనివ్వదు, అన్నీ తనే చేస్తుంది. నేనూ చెరువు బాగుచేయిస్తున్నాను కదా, మధ్యాహ్నం నాకు క్యారేజీ తెస్తుంది, కానీ గట్టు ఎక్కదు. రోడ్డు మీదే నిలబడి అన్నయ్యా అని పిలుస్తుంది. నేను వెళ్ళి అందుకోవాలి. ఎందుకలా ఎండలో నిలబడతావు, రావచ్చు కదా అన్నాను. మళ్ళీ నీకు కూడా ఏదైనా అయితే నేను బతకలేనన్నయ్యా అంది. ఆ అన్నం ఎలా తిన్నానో నాకే తెలియదు. తిన్నాను మాత్రం.

ఇలా ఎన్నాళ్ళని ఆలోచించి ఒక దారి చూశాను. సూరమ్మగారిని కదిపాను. గట్టు మీద గంగమ్మకి శాంతి చేయించి, చుట్టుపక్కల చెరువులవాళ్ళని పిలిచి భోజనం పెడితే దోషం పోతుందన్నారు. ఖర్చంతా నేనే పెట్టుకుంటానన్నాను. ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. వచ్చే వారం గురువారం పూజ. పూజవగానే రత్నం వాళ్ళింటికి వెళ్ళిపోతుంది. అది చిన్నపిల్లలా సంబరపడుతోంది.

నువ్వు చెప్పినట్టు చెయ్యలేదని తెలుసు. కానీ దాని కాపురం నిలబడుతోంది. అంతకంటే ఏం కావాలి?

తమ్ముడు


ఢిల్లీ,
4 జూన్ 1996

నా బంగారు తమ్ముడికి,

తిరుగు ప్రయాణంలో ఉన్నాను. రైలు మారే చోట ఖాళీ దొరికితే ఎస్.టి.డి. బూత్ నుంచి మీ ఇంటికి ఫోన్ చేశాను. రత్నమే ఎత్తింది. అన్నయ్య వెళ్ళి మాట్లాడాడక్కా, అంతా సర్దుకుంది, నన్ను తీసుకెళ్తున్నారు అని గడగడా చెప్పింది. లైను మధ్యలోనే తెగిపోయింది. బూత్‌లోనే ఏడ్చేశాను. చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు. నువ్వు చెప్పగలిగావు.

మేం దాటాల్సిన కొండ కనుమ నేను దాటలేదురా. ఇంకో పూటలో దాటతామనగా మా గుంపులో బ్యాంకు ఆఫీసరొకాయన పడిపోయాడు. రెండు రోజుల నుంచి తలనొప్పి, వాంతులట. చెబితే కిందకి పంపేస్తారని దాచాడు. ఆయన్ని మోసుకుని అందరం వెనక్కి దిగాం. ఆయన బతికాడు, అది చాలు. కానీ రమేష్ బాబు ఆయనతో అన్న మాట విన్నప్పుడు నువ్వే గుర్తొచ్చావు. జబ్బు వచ్చినందుకు మీ మీద కోపం లేదండి, మాకు చెప్పనందుకే అన్నాడు. ఆఫీసుల్లో అంతే, ఇళ్ళల్లోనూ అంతే. పేరు పోతుందని ఒకడు దాస్తాడు, మొయ్యాల్సింది మిగతావాళ్ళు.

నువ్వు మాత్రం దాచలేదు. ఆ కొండ నేను ఎక్కకపోతేనేం, నువ్వు ఎక్కావు.

గర్వంతో,
అక్క


మొగల్తూరు,
14 జూన్ 1996

అక్కా,

నీ ఢిల్లీ ఉత్తరం పూజ అయిన తర్వాత వచ్చింది. ఈపాటికి ఇంట్లో ఉన్న నా ఉత్తరం చదివి ఉంటావు. నేను చెప్పలేదు. రత్నం చెప్పిన సర్దుబాటు ఆ పూజ గురించి.

నువ్వు ఇంకొక్కటి తెలుసుకోవాలి. పూజంటే కొబ్బరికాయ కొట్టి భోజనాలు పెట్టడమే అనుకున్నాను. అయ్యాక సూరమ్మగారు రత్నాన్ని పిలిచి, తల్లికి చెప్పుకోమన్నారు. అది చెరువు వైపు తిరిగి మోకాళ్ళ మీద కూర్చుంది. చుట్టూ చెరువులవాళ్ళంతా ఉన్నారు, వాళ్ళ ఆడవాళ్ళున్నారు. “తప్పయింది తల్లీ, నా మూలంగానే అయింది, ఇంకెప్పుడూ రాను” అంది. మెల్లగా అంటే వినబడలేదని సూరమ్మగారు మళ్ళీ అనిపించారు. రెండోసారి గట్టిగా అంది. నేను కొబ్బరికాయ పట్టుకుని దాని పక్కనే నిలబడ్డాను. అప్పుడైనా అనొచ్చు. అక్కడే, ఒక్క మాట. పూజారి కొట్టమన్నాడు, కొట్టాను.

అందరూ భోజనాలు చేస్తూ నన్ను మెచ్చుకున్నారు. ఆ తర్వాత నీ ఉత్తరం వచ్చింది, అందులో నువ్వు కూడా మెచ్చుకున్నావు.

బావ చెరువులో కొత్త రొయ్య పిల్ల వేస్తున్నాడు. రత్నం కాపురానికి వెళ్ళింది. అందరూ సంతోషంగా ఉన్నారు. నాకు అన్నం సయించడం లేదు.

గణేష్


విశాఖపట్నం,
22 జూన్ 1996

గణేష్,

రెండు ఉత్తరాలూ చదివాను. మెచ్చుకున్నందుకు సిగ్గుపడుతున్నాను. సగం వినబడిన ఫోన్‌ని పట్టుకుని నాకు కావలసిందే విన్నాను.

నిన్ను తిట్టే అర్హత నాకు లేదు. మే నెలలో నేను ఒక్క ఫోన్ చేసి ఉంటే ఆ పిల్ల అంతమందిలో మోకాళ్ళ మీద కూర్చునేది కాదు. ఆ తప్పు నాది. నువ్వు కాదన్నా నాదే.

నేనొచ్చి చెప్పనా అని చాలా ఆలోచించాను. వస్తే అక్క వచ్చి చెప్పించిందంటారు. కొండల గురించి ఇక నీకు రాయను. ఒక్కటే అడుగుతున్నాను. దాన్ని ఆ మాట మోస్తూ బతకనివ్వకు.

అక్క


మొగల్తూరు,
3 జూలై 1996

అక్కా,

చెప్పాను. బావని డ్రెయిన్ దగ్గరే పట్టుకుని అన్నీ చెప్పాను. కొడతాడనుకున్నాను, కొట్టినా బాగుండునని ఉంది. ఆయన నీళ్ళ వైపు చూస్తూ కూర్చుని, చివరికి, నా చెరువు పోయినప్పుడు నేనూ తూము ఎత్తేశాను గణేషూ, కింద చంద్రరావు చెరువు ఉందని తెలిసే ఎత్తాను అన్నాడు. చంద్రరావుగారి చెరువు మే నెలలో పోయింది. తర్వాత బావ నా భుజం మీద చెయ్యేసి, అందరూ చేసేదేలే అన్నాడు. నీకు నిజం చెప్పాలి, ఆ మాటకి నా గుండె తేలికైపోయింది. సిగరెట్టు కాల్చుకుని, నవ్వుకుని, రత్నానికి చెబుదాం పద అని ఇద్దరం కలిసి ఇంటికి వెళ్ళాం. శుభవార్త మోసుకెళ్తున్నట్టే వెళ్ళాం.

అది బియ్యం ఏరుతోంది. నేనే చెప్పాను. నీ తప్పేమీ లేదమ్మా, జబ్బు నా చెరువులోంచే వచ్చింది, బావా నేనూ మాట్లాడుకున్నాం, ఇక ఏమీ లేదన్నాను. చేట కింద పెట్టి నన్నే చూసింది.

“మీరిద్దరూ మాట్లాడుకున్నారు. మరి నేను మోకాళ్ళ మీద కూర్చుని చెప్పుకున్నానే, అదెవరి తప్పు చెప్పుకున్నాను అన్నయ్యా?”

అది ఏడవలేదు, అరవలేదు. మిగిలిన బియ్యం ఏరి, ఎసట్లో పోసి, అన్నం వార్చి, చీర మార్చుకుని నర్సాపురం బస్సెక్కింది. బావ వెనకాల పరిగెత్తాడు. నేను పరిగెత్తలేకపోయాను. నీ దగ్గరకే వస్తుంది, ఇంకెక్కడికీ పోదు. వచ్చిందని ఒక్క ముక్క రాయి.

గణేష్


విశాఖపట్నం,
12 జూలై 1996

గణేష్,

వచ్చింది. రాగానే నేనే దాని కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను, జూన్‌లో రమ్మన్నందుకు. అదేంటక్కా, నీకు తెలియదు కదా అంది. తెలిసిన తర్వాత కూడా రైలెక్కానని చెప్పాను. ఆ తర్వాత రెండు రోజులు నాతో కూడా మాట్లాడలేదు. అదీ న్యాయమే.

తాతాజీ గారు ఫోన్ చేశారు, అది తీసుకోలేదు. నువ్వు చేసినప్పుడూ ఇంట్లోనే ఉండి తీసుకోలేదు. నేను నచ్చచెప్పబోతే అన్న మాట ఇది, నాకు గుర్తున్నంతవరకు అలాగే రాస్తున్నాను. “నేను అందరిలో చెప్పాను. అన్నయ్య మా ఆయన చెవిలో చెప్పాడు. ఆ రోజు గట్టు మీద నా మాట విని, భోజనం చేసి వెళ్ళినవాళ్ళందరి గుమ్మంలోకీ వెళ్ళి చెప్పమను. మా అత్తగారికి కూడా. ఆ తర్వాత వెళ్ళాలో లేదో నేను ఆలోచించుకుంటాను.”

నేను ఇంకేమీ కలపడం లేదు.

అక్క


మొగల్తూరు,
4 ఆగస్టు 1996

అక్కకి,

వెళ్ళాను. బావని రమ్మన్నాను. నీ సంగతి నువ్వు చెప్పుకో, నన్ను లాగకు అన్నాడు. రత్నాన్ని పోగొట్టుకుంటావు బావా అంటే తల దించుకున్నాడు గానీ కదల్లేదు. ఒక్కణ్ణే తిరిగాను.

మొదటి ఇంటి అరుగు మీదే నిలబడి, నా చెరువుకే ముందు జబ్బొచ్చింది, దాచిపెట్టి తూము ఎత్తాను, మా చెల్లెలికి ఏ పాపమూ లేదని చెప్పాను. ఆ ఇంటాయన నవ్వి, నువ్వే కదయ్యా మంచి రేటుకి ముందే పట్టేశానని ఊరంతా చెప్పావు, జబ్బు రొయ్యకి మంచి రేటెలా వచ్చింది అన్నాడు. అది అబద్ధమన్నాను. పోనీలే, తోడబుట్టినది కాపురం వదులుకుంటే ఏ అన్నకైనా కడుపు తరుక్కుపోతుంది అని లోపలికి పిలిచి మజ్జిగ ఇచ్చాడు.

అక్కా, ఒక్కరు కూడా నమ్మలేదు. చెల్లెలి మీద నింద పోగొట్టడానికి నేనే నెత్తినేసుకుంటున్నానని అందరూ అనుకున్నారు. నేను ఎంత గట్టిగా చెబితే అంత మంచివాణ్ణి అయిపోయాను. చంద్రరావుగారైనా తిడతారనుకున్నాను, ఆయన చెరువు కూడా పోయింది కదా. నీలాంటి అన్న మా ఇంట్లో లేకపోయాడయ్యా అని వాళ్ళావిణ్ణి పిలిచి చూపించారు.

సూరమ్మగారి దగ్గరకి ఆఖర్న వెళ్ళాను. గంగమ్మ నీళ్ళకి జబ్బేంటి బాబూ, పూజ చేశాక చూడు కొత్త పిల్ల ఎలా ఎదుగుతోందో అన్నారు. కాదండి, నేను చేసిందేనండి, ఒట్టు అన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, “నీ మొహం చూసైనా దాన్ని ఏమీ అననులే, వచ్చెయ్యమను” అన్నారు. క్షమించేశారు. దాన్ని.

ఊళ్ళో ఇప్పుడు నా పేరు చెప్పి పిల్లలకి బుద్ధులు చెబుతున్నారట. నిన్న దుర్గ అన్నం వడ్డిస్తూ చెప్పి, నా మొహం చూసి లేచి వెళ్ళిపోయింది.

అన్నయ్య అందరికీ చెప్పాడని నువ్వు రత్నంతో అంటే, నమ్మారా అని అడుగుతుంది. తప్పకుండా అడుగుతుంది. అందుకని నువ్వేమీ అనకు. శనివారం బస్సుకి నేనే వస్తున్నాను. నమ్మలేదని దాని ఎదురుగా నిలబడి నేనే చెప్పాలి. లోపలికి రానిస్తుందో లేదో నాకు తెలియదు. రానివ్వకపోతే నువ్వు దాన్ని బతిమాలొద్దు.

గణేష్‌బాబు